గుట్ట మీదికి సైకిల్ టైమ్ ట్రయల్ పెట్టాలనుకునే క్లబ్బులకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే హనుమకొండ, కాజీపేట, వరంగల్ రోడ్ల మీద కలిసి తొక్కే మిత్రబృందాలు ఎప్పుడో ఒకప్పుడు "మనమే ఒక పోటీ పెడితే ఎట్లుంటది" అనుకుంటాయి. అట్లా అనుకున్నవాళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నలకు జవాబులివి. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ వైపు క్లబ్బులకూ ఇవే పనికొస్తాయి.

హిల్ క్లైంబ్ టైమ్ ట్రయల్ అంటే ఏంటి?

గుట్ట కింద ఒక గీత, పైన ఒక గీత. ఒక్కొక్కరినీ నిమిషం తేడాతో వదులుతారు. ఎవరు తక్కువ సమయంలో పైకి చేరితే వాళ్ళు గెలిచినట్టు. పక్కన ఎవరూ ఉండరు, గుంపు ఉండదు, ఒకరి వెనక దాక్కుని గాలి తప్పించుకోవడం ఉండదు. ఇంగ్లండ్‌లో ఇది పాత ఆచారం. క్యాట్‌ఫర్డ్ సైక్లింగ్ క్లబ్ 1887లో మొదలుపెట్టిన పోటీ ఇప్పటికీ జరుగుతోంది. అక్కడి జాతీయ పోటీ 1944 నుంచి ఉంది.

మాది చిన్న క్లబ్. మొదటి పోటీకి ఇది సరిపోతుందా?

చిన్న క్లబ్బుకు ఇంతకంటే మంచి పోటీ లేదని మా గట్టి నమ్మకం. చదును రోడ్డు మీద ముప్పై మందిని ఒకేసారి వదిలితే ఒకరి చక్రం ఒకరికి తగులుతుంది, ఒకరు పడితే పది మంది పడతారు. గుట్ట ఎక్కేటప్పుడు వేగం గంటకు పది, పన్నెండు కిలోమీటర్లే. పడినా మోచేయి గీసుకుపోతుంది, అంతే. రెండు కిలోమీటర్ల రోడ్డు, పది పన్నెండు మంది వాలంటీర్లు, రెండు స్టాప్‌వాచ్‌లు ఉంటే చాలు.

కానీ ఎక్కినవాళ్ళందరూ దిగాలి. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది. మీ ఆలోచనలో సగం దిగడానికి కేటాయించండి. దాని గురించి కింద వివరంగా రాశాం.

ఏ గుట్ట ఎంచుకోవాలి?

వరంగల్ చుట్టూ రాతి గుట్టలకు కొదవ లేదు. కానీ చాలావాటికి మెట్లే ఉంటాయి, రోడ్డు ఉన్నా పొట్టిగా ఉంటుంది. క్లబ్ పోటీకి పొట్టి రోడ్డు తప్పేం కాదు. కిలోమీటరున్నర దొరికినా మొదలుపెట్టొచ్చు. పెద్ద ఘాట్ కావాలంటే ఉత్తరానికి పోవాలి: జగిత్యాల దగ్గర కొండగట్టు, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు పోయే దారిలో కెరమెరి ఘాట్. అవి అందమైన రోడ్లే, కానీ మలుపులు ఎక్కువ, బస్సులు, లారీలు తిరుగుతుంటాయి. మొదటి ఏడాదే అక్కడికి పోవద్దని మా సలహా.

రోడ్డు చూడ్డానికి పోయినప్పుడు కారులో కాదు, సైకిల్ మీద పోండి. కారులో గుంతలు తెలియవు. ఎత్తు, దూరం కొలవండి. రెండు కిలోమీటర్లలో 120 మీటర్లు ఎక్కితే సగటు వాలు 6 శాతం. అందరూ కలిసి ఎక్కాలంటే 5 నుంచి 7 శాతం బాగుంటుంది. మధ్యలో వంద మీటర్లు 12 శాతం ఉన్నా పర్వాలేదు, అక్కడ దిగి నడిపించుకుపోయే హక్కు అందరికీ ఉంటుందని ముందే చెప్పండి.

ఫినిష్ గీతను సరిగ్గా గుట్ట కొసన, పార్కింగ్ గేటు ముందర గీయొద్దు. ఆఖరి దమ్ముతో వచ్చినవాడికి కళ్ళు బైర్లు కమ్ముతుంటాయి, బ్రేకు పట్టుకునే ఓపిక కూడా ఉండదు. గీత దాటాక కనీసం యాభై, అరవై మీటర్లు ఖాళీ రోడ్డు కావాలి. అదీ ఎడమ వైపే ఆగేలా ఉండాలి. రోడ్డుకు అడ్డంగా కుడికి తిరిగే పరిస్థితి ఎక్కడా రాకూడదు.

ఏ నెలలో, ఏ రోజున పెట్టాలి?

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా. మార్చి దాటితే ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. జనవరిలో మన దగ్గర ఆరున్నర దాటితే గానీ పొద్దు పొడవదు, పైగా మంచు. అందుకని మొదటి రైడర్‌ను 6:45కు ముందు వదలొద్దు. పొగమంచు దట్టంగా ఉంటే అరగంట ఆగండి.

తేదీ ఖాయం చేసే ముందు జాతరలు చూసుకోండి. ములుగు, తాడ్వాయి రోడ్లైతే మేడారం జాతర ఏడాది మాఘ పౌర్ణమికి ముందు చాలా రోజులు వదిలేయాల్సిందే. 2024లో అది ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. కానీ జనం నెల ముందు నుంచే పోతుంటారు. ఐనవోలు, కొత్తకొండ జాతరలు సంక్రాంతికి. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు, అప్పుడు కెరమెరి, ఉట్నూరు దారులు నిండిపోతాయి. జోడేఘాట్‌లో కుమురం భీం వర్ధంతి ఆశ్వయుజ పౌర్ణమికి. కొండగట్టులో మంగళ, శనివారాలు భక్తుల రద్దీ. ఆ రోడ్డు ముందు భక్తులది, ఆ తర్వాతే మనది.

పంట సీజన్‌తో ఏమైనా ఇబ్బందా?

చాలా. నవంబరు, డిసెంబరుల్లో వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లు, వాటి మీద పట్టా, పట్టా అంచుల మీద తలకాయంత రాళ్ళు. పొద్దున మసక వెలుతురులో, మంచులో, ఆ రాళ్ళు రోడ్డు రంగులోనే కలిసిపోయి కనిపిస్తాయి. ముందు రోజు సాయంత్రం ఒకసారి, పోటీ రోజు ఐదున్నరకు మరోసారి రోడ్డంతా తిరిగి చూడండి. వడ్లు పోసిన రైతును ఎత్తమని అడగొద్దు. ఏడాది కష్టం అది. రెండు మూడు రోజుల ముందే ఊళ్ళోకి పోయి, "ఆదివారం పొద్దున పిల్లలు సైకిళ్ళ మీద వస్తరు, ఈ మలుపు కాడ మాత్రం ఎడమ పక్క కొంచెం జాగ ఉంచు కాకా" అంటే ఎవరూ కాదనరు. రాళ్ళ పక్కన నాలుగు రంగు కోన్లు పెట్టి, ఒక వాలంటీర్‌ను నిలబెట్టండి. పత్తి ట్రాక్టర్లు, ఎనుమాముల మార్కెట్‌కు పోయే బండ్లు కూడా ఈ నెలల్లోనే తెల్లవారుజామున తిరుగుతాయి. మార్కెట్ దారి అయితే వేరే రోడ్డు చూసుకోవడం మంచిది.

పర్మిషన్ ఎవరెవరి దగ్గర తీసుకోవాలి?

ముందు పోలీసులు. వరంగల్ కమిషనరేట్ పరిధిలోనైతే కమిషనర్ పేరున దరఖాస్తు, ఏసీపీకి, ఆ ఠాణా ఇన్‌స్పెక్టర్‌కు కాపీలు. మిగతా జిల్లాల్లో ఎస్పీ పేరున. నెల రోజుల ముందు ఇవ్వండి. రూట్ మ్యాప్, మొదలయ్యే, ముగిసే టైము, రైడర్ల సంఖ్య, వాలంటీర్లు నిలబడే మలుపులు, అంబులెన్స్ ఏర్పాటు, బాధ్యుల ఫోన్ నంబర్లు అన్నీ ఒకే కాగితంలో ఉండాలి. అధికారికి రెండో ప్రశ్న అడగాల్సిన పని పడకూడదు.

మోటారు వాహనాల చట్టం 1988లోని 189వ సెక్షన్ రోడ్డు మీద వేగం పోటీల గురించి చెబుతుంది కానీ అది మోటారు వాహనాలకే. సైకిల్‌కు అది వర్తించదు కదా అని పోలీసులకు చెప్పకుండా పెట్టడం మాత్రం సరికాదు. ఏదైనా జరిగితే మొదట వచ్చేది వాళ్ళే.

గుట్ట మీద గుడి ఉంటే ఆలయ ఈవోను కలవండి. రోడ్డు ఆర్ అండ్ బీదో పంచాయతీరాజ్‌దో కనుక్కుని వాళ్ళకూ ఒక లెటర్ ఇవ్వండి. గుంతలు పూడ్చమని అడిగే అవకాశం కూడా అదే. అడవిలోంచి పోయే రోడ్డైతే అటవీ శాఖ రేంజ్ ఆఫీసర్ దగ్గరికి పోకుండా ముందుకు పోవద్దు. కవ్వాల్ 2012 నుంచి టైగర్ రిజర్వ్. అక్కడ మైకులు, జెండాలు, బ్యానర్లు అడగడమే తప్పు.

రోడ్డు మూసేయాలా?

అక్కర్లేదు, అడగొద్దు కూడా. ఆదివారం పొద్దున గంట సేపు, ఎడమ అంచున ఒక్కొక్కరే పోయే పోటీకి రోడ్డు మూయడమెందుకు? పాలవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు తిరిగే రోడ్డది. ట్రాఫిక్‌ను ఆపే అధికారం మన వాలంటీర్లకు లేదు, ఆ పని పోలీసులదే. వాలంటీర్ పని రైడర్‌కు హెచ్చరిక ఇవ్వడం, ఎదురొచ్చే బండికి చెయ్యి చూపి "మెల్లగా" అనడం. విజిల్, మెరిసే జాకెట్ చాలు.

టైమ్ ఎలా తీయాలి? చిప్‌లు, సెన్సార్లు కావాలా?

గీత దాటగానే టైము వాటంతటవే నమోదు చేసే చిప్‌లు ముప్పై మందికి దండగ. మేం చెప్పే పద్ధతి పాతది, చవకైనది, నమ్మదగినది.

రెండు స్టాప్‌వాచ్‌లు తీసుకోండి. గుట్ట కింద అందరి ముందు రెండింటినీ ఒకేసారి నొక్కి నడిపించండి. ఒకటి కింద ఉంటుంది, రెండోది బండి మీద పైకి పోతుంది. ఆ తర్వాత పోటీ అయ్యేదాకా ఏదీ ఆపకూడదు. రెండింటికీ అరగంట నిండాక మొదటి రైడర్ అనుకుందాం. చెస్ట్ నంబర్ 1 అంటే వాచ్‌లో 31వ నిమిషానికి, నంబర్ 2 అంటే 32వ నిమిషానికి. అంటే ఎవరి నంబరే వాళ్ళ బయల్దేరే టైము, కింద రాసుకోవడంలో పొరపాటుకు తావుండదు. నంబర్ 14 పైన గీత దాటినప్పుడు వాచ్‌లో 55 నిమిషాల 37 సెకన్లు ఉంటే, అందులోంచి 44 నిమిషాలు తీసేయండి. 11 నిమిషాల 37 సెకన్లు. అయిపోయింది.

పైన ముగ్గురు కావాలి. గీతకు యాభై మీటర్ల ముందు ఒకరు నిలబడి వచ్చేవాళ్ళ నంబరు గట్టిగా అరవాలి, ఎందుకంటే ఆఖర్లో రైడర్ నోట మాట రాదు. వాచ్ పట్టుకున్నవాళ్ళు ముందు చక్రం గీతను తాకగానే టైము చదవాలి. మూడో మనిషి రాసుకోవాలి, పెన్నుతో, గళ్ళ కాగితం మీద. అదే సమయంలో ఒక ఫోన్‌ను స్టాండ్ మీద పెట్టి, ఇంకో వాచ్ దాని ముందు కనిపించేలా ఉంచి వీడియో తీస్తే వివాదం వచ్చినప్పుడు పనికొస్తుంది. ఫోన్ గడియారాలను మాత్రం ఒకదానితో ఒకటి పోల్చకండి, వాటి మధ్య కొన్ని సెకన్ల తేడా ఉండొచ్చు.

పోటీ అయ్యాక రెండు వాచ్‌లనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే టైము చూపిస్తే ఫలితాలు చదవండి. చేతితో తీసిన టైములో పదో వంతు సెకన్లు రాయొద్దు. సెకను వరకే. ఇద్దరికి ఒకే సెకను వస్తే ఇద్దరికీ ఒకే ర్యాంకు.

స్ట్రావా (జీపీఎస్‌తో రైడ్ టైము రాసుకునే ఫోన్ యాప్) టైముతో ఫలితాలు ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. చెట్ల కింద, ఘాట్ మలుపుల్లో జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. నెమ్మదిగా ఎక్కేచోట ఆ మీటర్లే సెకన్లవుతాయి. సొంత సాధనకు మాత్రం చాలా మంచిది.

ఎవరిని ముందు వదలాలి?

నెమ్మదిగా ఎక్కేవాళ్ళను ముందు. దీనికి కారణం ఉంది. పాత సైకిల్ మీద ఇరవై నిమిషాలు తొక్కే మనిషి చల్లటి పూట, ట్రాఫిక్ లేనప్పుడు ఎక్కాలి. ఆఖర్న వదిలితే అందరూ టిఫిన్ దగ్గరికి పోయాక ఆ మనిషి ఒక్కడే ఎండలో మిగిలిపోతాడు. గేర్లు లేనివాళ్ళ తర్వాత ఐదు నిమిషాల విరామం ఇచ్చి (ఆ ఐదు నంబర్లు ఎవరికీ ఇవ్వకుండా) మిగతావాళ్ళను వదలండి. ముప్పై మంది ఉన్నా 7:50 కల్లా అందరూ పైన ఉంటారు.

బయల్దేరే చోట ఒక మనిషి సీటు పట్టుకుని నిలబెడతాడు. రైడర్ రెండు కాళ్ళూ పెడళ్ళ మీద పెట్టి, కుడి పెడల్ కొంచెం పైకి తెచ్చుకుంటాడు. పట్టుకున్నాయన చేతుల్లో సైకిల్ సన్నగా వణుకుతుంటుంది. "ముప్పై సెకన్లు… పది… ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి" అనగానే చెయ్యి వదిలేయడమే, నెట్టకూడదు. ఈ పనికి బలమైన, ఓపికున్న మనిషిని ఒక్కరినే పెట్టండి, అందరికీ ఒకేలా వదలాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ళు తర్వాత బయల్దేరొచ్చు కానీ వాళ్ళ గడియారం వాళ్ళ నంబరు నిమిషం నుంచే నడుస్తుంది.

ఫ్లాగ్ ఆఫ్‌కు చీఫ్ గెస్ట్‌ను పిలవాలా?

బహుమతులివ్వడానికి పిలవండి, జెండా ఊపడానికి వద్దు. అతిథి కోసం గంట ఆగితే ఎండ వస్తుంది, ట్రాఫిక్ వస్తుంది, వార్మప్ అయినవాళ్ళ ఒళ్ళు చల్లబడుతుంది. ఎనిమిదిన్నరకు కింద టిఫిన్ దగ్గరికి రమ్మంటే వాళ్ళకూ సుఖం.

మామూలు సైకిల్‌తో రావొచ్చా?

రావాలి. వాళ్ళకు వేరే విభాగం పెట్టని పోటీ ఊళ్ళో పోటీ అనిపించుకోదు. పేపర్ వేసే పిల్లలు, పాలు పోసేవాళ్ళు రోజూ తొక్కేది ఆ సైకిలే.

విభాగం వేరుగా ఎందుకంటే లెక్క చూడండి. 65 కిలోల మనిషి 12 కిలోల గేర్ సైకిల్ మీద పైన చెప్పిన రెండు కిలోమీటర్ల గుట్టను పది నిమిషాల్లో ఎక్కాలంటే ఎత్తు కోసమే దాదాపు 150 వాట్ల శక్తి పెట్టాలి, గాలికి, రోడ్డు రాపిడికి ఇంకో పాతిక. అదే మనిషి అదే శక్తితో 20 కిలోల సైకిల్ మీద ఎక్కితే దాదాపు నిమిషం ఎక్కువ పడుతుంది. అది బరువు ఒక్కటే. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళున్న సైకిల్ గంటకు పది కిలోమీటర్ల వేగంతో పోతుంటే కాళ్ళు నిమిషానికి ముప్పై చిల్లర సార్లే తిరుగుతాయి, ప్రతి తొక్కుడూ మోకాలి మీదే పడుతుంది. 34కి 32 గేరుంటే అదే వేగంలో డెబ్బై అయిదు సార్లు తేలిగ్గా తిప్పొచ్చు. వీళ్ళిద్దరినీ ఒకే లిస్టులో పెట్టడం అన్యాయం.

అంతర్జాతీయ పోటీల్లో సైకిల్ 6.8 కిలోల కంటే తేలికగా ఉండకూడదని నియమం. క్లబ్ పోటీలో తూకం వేయాల్సిన పని లేదు. బ్యాటరీ సైకిళ్ళు మాత్రం వద్దు.

ఏమేం నియమాలు పెట్టాలి?

హెల్మెట్ లేకపోతే స్టార్ట్ లేదు, ఎంత తెలిసినవాళ్ళైనా సరే. రెండు బ్రేకులూ పని చేయాలి. వెనక ఎర్ర లైటు వెలగాలి. ఎడమ అంచున పోవాలి, దాటేటప్పుడే పక్కకు రావాలి. ఒకరిని ఒకరు దాటాక వెనకపడ్డవాళ్ళు దూరం పాటించాలి. అంతర్జాతీయ నియమం ప్రకారం దాటేటప్పుడు పక్కకు 2 మీటర్లు, కిలోమీటరు తర్వాత వెనక 25 మీటర్లు.

మన దగ్గర ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఇంకొకటి. దోస్తు బైక్ మీద పక్కనే వస్తూ వీడియో తీస్తాడు, "దమ్ము పెట్టన్నా, ఇంకొంచెమే" అంటాడు. ప్రేమతోనే చేస్తాడు కానీ ఆ బైక్ ఇంకో రైడర్‌కు అడ్డం, పొగ కూడా. పోటీ జరుగుతున్నంతసేపు వెంట వచ్చే బండి కనిపిస్తే ఆ రైడర్ టైము లెక్కలోకి రాదని ముందే రాసిపెట్టండి. వీడియో తీసేవాళ్ళు మలుపు దగ్గర నిలబడి తీయాలి. పిల్లలు ఉత్సాహంగా వెనక నుంచి నెట్టినా అదే నియమం.

దిగడం గురించి అంత జాగ్రత్త ఎందుకు?

6 శాతం వాలులో బ్రేకు వేయకుండా వదిలితే సైకిల్ గంటకు 40 కిలోమీటర్లు దాటిపోతుంది. ఎక్కినవాడి కాళ్ళు అప్పటికే వణుకుతుంటాయి, చేతుల్లో పట్టు ఉండదు, మనసు మాత్రం గాల్లో ఉంటుంది. ఎదురుగా ఇంకా ఎక్కుతున్నవాళ్ళు తల దించుకుని వస్తుంటారు. ఘాట్ రోడ్డు ఎంత కఠినమైనదో మన ప్రాంతానికి చెప్పక్కర్లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు.

కాబట్టి ఒకటే నియమం, మినహాయింపు లేకుండా: ఆఖరి రైడర్ పైకి చేరేదాకా ఎవరూ దిగకూడదు. అందుకోసం పైన నీళ్ళు, నీడ, కూర్చోవడానికి జాగా, కబుర్లకు వీలు ఉండాలి. స్వెటర్లు, జాకెట్లు ముందే ఒక సంచిలో పైకి పంపండి. జనవరిలో చెమట ఆరాక చలి పట్టుకుంటుంది, వణికే చేతులతో బ్రేకు పట్టడం కష్టం.

దిగేటప్పుడు అయిదారుగురి చొప్పున, ముందు ఒక అనుభవమున్న రైడర్, వెనక ఒకరు. ముందున్నాయన్ని ఎవరూ దాటకూడదు. మలుపులోకి పోకముందే వేగం తగ్గించాలి, మలుపులో గట్టిగా బ్రేకు పట్టొద్దు. రిమ్ బ్రేకులు (చక్రం అంచును రబ్బర్లతో పట్టేవి) ఉన్నవాళ్ళు అదేపనిగా పట్టి ఉంచకుండా ముందుది, వెనకది మార్చి మార్చి పట్టుకోవాలి. ఎక్కడానికి చేసిన శ్రమలో చాలా భాగం దిగేటప్పుడు రిమ్ము మీద వేడిగా మారుతుంది. పాత సైకిళ్ళు, రబ్బర్లు అరిగినవి, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల సైకిళ్ళు ఒక ట్రాలీ ఆటోలో దించండి. ఖర్చులో ఇది మొదట రాయాల్సిన పద్దు.

అంబులెన్స్ ఎక్కడ ఉండాలి?

పైన. ఘాట్ మీద బండి వెనక్కి తిప్పడం కష్టం. పైన ఉన్న బండి దిగుతూ వచ్చి, దెబ్బ తగిలినవాళ్ళను ఎక్కించుకుని అలాగే ఆసుపత్రి వైపు పోతుంది. ఫస్ట్ ఎయిడ్ తెలిసిన మనిషి ఒకరు మధ్యలో, కఠినమైన మలుపు దగ్గర ఉండాలి. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుందో ముందే చూసుకోండి. బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా పాల్గొనొద్దు. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, చల్లటి చెమట అనిపిస్తే అక్కడికక్కడే దిగిపోవాలి, వాలంటీర్ 108కి ఫోన్ చేయాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలోనే కలపాలి, అర లీటరులో కాదు.

పిల్లలు, మహిళలు?

పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. వాళ్ళకు సగం దూరం పెట్టినా మంచిదే. మహిళలకు వేరే విభాగం, సమానమైన బహుమతి. అయిదుగురు రాకపోయినా విభాగం రద్దు చేయొద్దు. ఈ ఏడాది ఇద్దరు వస్తేనే వచ్చే ఏడాది ఆరుగురు వస్తారు.

ఖర్చు, టిఫిన్?

నంబర్లు, పిన్నీసులు, ట్రాలీ ఆటో, అంబులెన్స్, ఒక్క రోజు ప్రమాద బీమా, టిఫిన్. నగదు బహుమతుల కంటే అందరికీ కడుపునిండా టిఫిన్ పెట్టడం మేలు. ఇడ్లీ, ఉప్మా, ఉడికించిన గుడ్లు. సంక్రాంతి తర్వాతైతే ఇంటికో డబ్బా సకినాలు తెమ్మనండి. గుడి గుట్టల మీద కోతులుంటాయి కాబట్టి అరటిపండ్లు పైకి తీసుకుపోవద్దు. అవి గుంపుగా రోడ్డు మీదికి వస్తే రైడర్‌కు ప్రమాదం. తిండి అంతా కిందే.

వాన పడితే?

చినుకు పడినా వాయిదా. తడి రోడ్డు మీద ఎక్కొచ్చు, దిగలేం. ప్రత్యామ్నాయ ఆదివారం తేదీ కూడా మొదటి దరఖాస్తులోనే రాసి పెడితే మళ్ళీ ఠాణా చుట్టూ తిరిగే పని ఉండదు.

అయిపోయాక ఏం చేయాలి?

నంబర్ల లెక్క చూసి ఎక్కినవాళ్ళందరూ దిగారో లేదో సరిచూడండి. మైదాతో గీసిన గీతలు కడిగేయండి, బాణం గుర్తులు పీకేయండి, నీళ్ళ సీసాలు ఏరి సంచుల్లో కిందికి తెండి. ఠాణాకు ఫోన్ చేసి పోటీ ముగిసిందని చెప్పండి. ఫలితాల కాగితంలో టైములతో పాటు ఆ రోజు గాలి ఎటు వీచిందో, రోడ్డు ఎలా ఉందో ఒక లైను రాసి దాచండి. వచ్చే ఏడాది తన పాత టైముతో పోల్చుకోవాలనుకునే ప్రతి రైడర్‌కూ ఆ లైను కావాలి.